లుంగీలో దొరల ఆట

ఈక ఎరతో చేపలు పట్టడం నేను ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. సత్తెనపల్లి అవతల మా ఊళ్లో ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. వాళ్ల లెక్కలో అది టోపీ పెట్టుకుని, తొడల దాకా బూట్లు వేసుకుని, చలిదేశపు ఏట్లో నిలబడే దొరల ఆట. నేనేమో లుంగీ ఎగ్గట్టి సాగర్ కాలువ అంచున మోకాలి లోతులో నిలబడతాను. నా గాలానికి వానపాము ఉండదు. మా పుంజు మెడ ఈకను, చేలో రాలిన పిసరంత పత్తిని దారంతో చుడితే నీళ్ల మీద వాలిన ఈగలాగే ఉంటుంది. చేప కూడా అలాగే అనుకుంటుంది. ఇందులో దొరతనం ఎక్కడుందో నాకిప్పటికీ అర్థం కాలేదు.

వంతెన మీద కూర్చునేవాళ్లకు మాత్రం నేను మంచి కాలక్షేపం.

"తినటానికేం పెట్టకుండా రమ్మంటే చేప వచ్చిద్దా మాస్టారూ?"

"మాస్టారికి పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టండ్రా."

వాళ్ల మాటలు నేను పట్టించుకోలేదు. నాకు పట్టింది మా అన్నయ్య మాట.

అన్నయ్య మిర్చి రైతు. అంతకంటే ముందు ఎడ్ల మనిషి. బండలాగుడు పందేల్లో ఒంగోలు జత పక్కన చర్నాకోల పట్టుకుని పరుగెత్తినవాడు. పోయిన ఏడాది గుండెకు ఆపరేషన్ అయింది. ఇక పందేలు వద్దన్నారు డాక్టర్లు. రోజూ నడవాలి, లేకపోతే మళ్లీ ముప్పు తప్పదన్నారు. మొదటి మాట విని ఎడ్లను అమ్మేశాడు. రెండోది వినలేదు. వరండాలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. వదిన తిట్టి చూసింది, బతిమాలి చూసింది. నేను కాలువకు రమ్మని పిలిచేవాణ్ణి. "దొరల ఆటలు నాకెందుకురా? పైగా చదువుకున్నోళ్ల విద్య" అనేవాడు. ఇలా పడుకునే పోతాడేమోనని నాకు చాలా భయంగా ఉండేది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికేముంది, అందరిదీ అదే భయం.

ఒక సాయంత్రం వదిన, నల్లులు పట్టాయంటూ మంచం వాకిట్లోకి లాగి మరిగే నీళ్లు పోసేసింది. నల్లులు ఉన్నాయో లేదో ఆమెకే తెలియాలి. పడుకోవడానికి చోటు లేక అన్నయ్య గొణుక్కుంటూ నా వెంట వచ్చాడు.

గాలపు కర్ర చేతికిచ్చాను. ఎడ్లు తోలిన చెయ్యి చేసే తప్పే చేశాడు. గాలపు తీగ వెనక్కి పూర్తిగా చాచుకోకముందే చర్నాకోల ఝళిపించినట్టు ముందుకు ఝళిపించాడు. ఫట్‌మని మోగింది. కొస తెగి ఈక ఎటో ఎగిరిపోయింది. మరొకటి కట్టిచ్చాను, అదీ అంతే. వంతెన మీద నవ్వులు. అన్నయ్య కర్ర నా చేతిలో పెట్టి గట్టెక్కబోయాడు. ఇప్పుడు వెళ్తే మళ్లీ రాడని నాకు తెలుసు.

"అన్నయ్యా, ఎద్దు వీపు మీద జోరీగ వాలితే ఏం చేసేవాడివి?" అన్నాను.

ఆగాడు. "ఏం చేస్తాం, చర్నాకోల కొసతో లేపుతాం. చర్మానికి తగలకూడదు. తగిలితే ఎద్దు బెదిరిద్ది."

"ఇక్కడ లేపొద్దు. వాల్చు."

అన్నయ్య నెమ్మదిగా దిగివచ్చి కర్ర తీసుకున్నాడు. ఈసారి చెయ్యి పైకెత్తి, తీగ వెనక్కి పోయేదాకా ఆగాడు. ఈక నీళ్ల మీద చప్పుడు లేకుండా వాలింది. చేపేమీ రాలేదు. మళ్లీ వేశాడు. మళ్లీ వేశాడు. పొద్దు గూకే వేళకు వేలెడంత పరిగె చేప ఒకటి పడింది. దాన్ని జాగ్రత్తగా విడిపించి నీళ్లలోకి వదిలేశాడు.

"ఇంతోటి దానికా ఆ దొరలు బూట్లేసుకునేది?" అన్నాడు.

ఇంటికొచ్చి అన్నం తిని, ఆరిన మంచం మీద మామూలుగానే గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు నిరాశగానే అనిపించింది.

తెల్లవారుతుండగా వదిన నన్ను కుదిపి లేపింది. "మీ అన్న మంచం మీద లేడయ్యా" అంది. వరండాలోకి పరుగెత్తాను. మూలకు ఆనించి పెట్టిన గాలపు కర్ర కూడా లేదు.

ఆ మూల వైపు చూపించాను. వదిన స్తంభం పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "చెప్పి పోతే నోరరిగిద్దా ఆ మనిషికి?" అని తిడుతూ పొయ్యి దగ్గరికి వెళ్లింది.

ఆ రోజు నేను కాలువకు వెళ్లలేదు. ఉన్నది ఒక్కటే కర్ర.