చనిపోయిన రాణి లేచి నడిచిన సాయంత్రం

నా చిన్నప్పుడు ఒడిశాలోని మునిగుడలో నాటకమంటే ముందు తిండి, ఆ తర్వాతే కథ. కోతలయ్యాక ఊరి చివరి పొలంలో నాలుగు గుంజలు పాతి, పైన గుడ్డ కట్టి ఒడియా నాటకం ఆడేవారు. కరెంటును నమ్ముకునే రోజులు కావు కాబట్టి మధ్యాహ్నమే మొదలుపెట్టేవారు. మా తెలుగు కొట్లవాళ్ళందరం చాపలు, కేరేజీలు, మంచినీళ్ళ బిందెతో సహా బయలుదేరేవాళ్ళం. పెళ్ళివారు కూడా అంత సరంజామాతో వెళ్ళరేమో! నాటకం బాగుందో లేదో ఎవరికీ గుర్తుండేది కాదు గానీ, ఎవరి పులిహోరలో ఉప్పు తక్కువైందో మాత్రం మళ్ళీ ఏడాది దాకా చెప్పుకునేవారు.

నేను చెప్పే ఏడాది మా చాప మీద మా తాతయ్య, నేను ఇద్దరమే. అమ్మకు పెద్ద జబ్బు చేసి నాన్న ఆమెను రైల్లో విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నాకప్పుడు ఆరేళ్ళో ఏడేళ్ళో. నన్ను చూడగానే ఇంట్లో పెద్దవాళ్ళు మాట ఆపేసేవారు. అమ్మ ఎప్పుడొస్తుందని అడిగితే ఒకరు రేపనేవారు, ఇంకొకరు చేతిలో బెల్లంముక్క పెట్టేవారు. అడిగినదానికీ బెల్లానికీ సంబంధమేమిటో నాకు అంతుబట్టేది కాదు. ఆ సాయంత్రం బండికి మా చిన్నాన్న అక్కణ్ణుంచి కబురు తేవాలి. అందాకా నన్ను ఇంట్లో ఉంచడం ఇష్టం లేక తాతయ్య నాటకానికి తీసుకొచ్చాడు.

వీధిలో ఆడుకునే ఒడియా నాకు వచ్చు గానీ పాటల ఒడియా రాదు. అందుకని తాతయ్యే పక్కన కూర్చుని కథ చెప్పేవాడు. ఆ రోజు ఆయన చెప్పేదానికీ ఎదురుగా జరిగేదానికీ పొంతనే కుదరలేదు. రాజు తల బాదుకుంటుంటే రాజుగారికి తలనొప్పి అన్నాడు. రాణి నేల మీద కళ్ళు మూసుకుని పడి ఉంది. మా చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకుంటున్నారు.

"రాణి నిద్దరోయిందమ్మి. నిద్దర్లోంచి నెగుస్తాది," అన్నాడు తాతయ్య.

కొండ ఊళ్ళ నుంచి మా కొట్టుకు చింతపండు తెచ్చే ఆవిడ మా చాప అంచున కూర్చుని ఉంది. మా పులిహోర తిని, తను తెచ్చిన చిలగడదుంపలు నాకు పెట్టింది. ఆవిడ నా వైపు వంగి జాలిగా, "మరిగలా," అంది. ఆ మాట నాకు తెలుసు. మా కోడిపెట్ట చచ్చిపోయినప్పుడు నేర్చుకున్నాను.

నేను ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాను. ఇద్దరూ నాతో అబద్ధం చెప్పే మనుషులు కారు. మరి రాణి నిద్రపోయినట్టా, పోయినట్టా?

ఆ వేదికకు తెర ఉండదు, నాలుగు వైపులా జనమే. రంగం ముగిసి డోలు మోగగానే రాణి లేచింది. చీర దులుపుకుని, తలకింది దిండు చంకలో పెట్టుకుని, మా చాప పక్కనుంచే నడిచి వెళ్ళింది. ఏడ్చినవాళ్ళలో ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. నా సంతోషం మాత్రం ఇంతా అంతా కాదు.

"తాతయ్యా, నెగిసింది! నువ్వు సెప్పినట్టే! అమ్మ కూడా నెగుస్తాది కదా?"

అవునంటే సరిపోయేది. ఎదురుగా సాక్ష్యం కూడా ఉంది. తాతయ్య తింటున్న చేగోడీ కింద పెట్టేసి, నన్ను తన వైపు తిప్పుకున్నాడు.

"అది ఏసం అమ్మి. కతలో రాణి సచ్చిపోయింది. నేనే నీకు అబద్ధం సెప్పేను. మీ అమ్మ సంగతి నాకు తెల్దు. సిన్నాన్న ఏటి కబురు తెచ్చినా నీకు సెప్తాను."

నాకు ఇంకా అయోమయమైంది. ఊళ్ళో అందరూ ఏ సంగతైనా తాతయ్యనే అడిగేవారు. అలాంటి మనిషికి తెలియకపోవడమేమిటి? కోపం వచ్చింది, భయం వేసింది, గట్టిగా ఏడ్చాను. ఆయన ఊరుకోమనలేదు. నన్ను ఒళ్ళోకి లాక్కుని కూర్చున్నాడు. భయం పోలేదు గానీ, అందరికీ తెలిసినది నాకొక్కదానికే చెప్పడం లేదన్న బెంగ పోయింది.

చిన్నాన్న తెచ్చిన కబురు ఒక్కటే, డాక్టర్లు ఇంకా ఏమీ చెప్పలేమన్నారని. తాతయ్య ఆ ముక్క నాకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ తర్వాత కూడా ఇంట్లోవాళ్ళు రేపు, రేపు అంటూనే ఉన్నారు. తాతయ్య మాత్రం ఎప్పుడడిగినా తెల్దనేవాడు. ఒక పొద్దున కొట్టు లోంచి వచ్చి, "మీ అమ్మ వస్తందమ్మి," అన్నాడు. నిజమా అని కూడా అడగలేదు. చెప్పుల్లేకుండా స్టేషనుకు పరిగెత్తాను.

ఇప్పుడు నా వయసు అప్పటి తాతయ్య వయసును దాటింది. మా ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. మొన్న మా మనవరాలు, వాళ్ళ తాతయ్య ఇంటికెప్పుడొస్తారని అడిగింది. పక్కన ఉన్నవాళ్ళు రేపని చెప్పమన్నట్టు సైగ చేశారు. "నాకు తెల్దమ్మి," అని దాన్ని దగ్గరకు తీసుకున్నాను. అది ఏడ్చింది, నేనూ ఏడ్చాను. వస్తున్నారని నేను చెప్పే రోజంటూ ఉంటే, ఆ పిల్ల నన్ను నమ్మాలి.