పందొమ్మిదో అధ్యాయం పైన

రిటైరైన సుగుణరత్నం టీచరు రోజూ పదింటికల్లా నరసరావుపేట డీటీపీ సెంటర్‌కి వస్తుంది. పైటచెంగుతో కళ్లజోడు తుడుచుకుని, పక్కన కూర్చుని, తన నవలని అక్కడి ఆపరేటరు కెజియా చేత టైపు చేయిస్తుంది. ప్రతి అధ్యాయం నెత్తిన, వేరే రచయితలైతే ఏ మహాకవి పంక్తో పెట్టే చోట, చనిపోయిన భర్త మాట ఒకటి పెడుతుంది. "ఏమే, గొడుగు తీస్కపో, మబ్బు పట్టింది." "పచ్చడి చానా బాగుంది, ఇంకాస్త వెయ్యి." కింద పేరుండదు. ఆఖరిదైన పందొమ్మిదో అధ్యాయానికి మాత్రం పైన ఖాళీ వదిలేసింది. మర్చిపోయిందనుకుంది కెజియా. పెళ్లికార్డైనా, జ్ఞాపకార్థ కూడిక కార్డైనా బైబిలు వాక్యం లేకుండా మొదలవని ఇళ్లు వాళ్లిద్దరివీ. అందుకే ఆ చోట తనే ఒక వాక్యం కొట్టింది. టీచరు పెదాలు కదుపుతూ దాన్ని రెండుసార్లు చదివింది.

"మంచి వాక్యమేనమ్మా. తీసెయ్."

"ఖాళీగా ఉంటే ఎట్టా టీచర్? సార్ మాటే ఏదన్నా చెప్పండి."

"ఆఖరి మూడ్రోజులు ఆయన నోట్లో గొట్టం ఉంది. నాకేదో చెప్పబోయాడు."

టీచరు తెర మీద ఆ ఖాళీని వేలితో కొలిచింది.

"ఇంకో రెండు లైన్ల జాగా వదులు. చానాసేపు నా వంకే చూశాడు, పెద్ద మాటే అయ్యుంటది."