వదిన జుట్టు కత్తిరించిన రోజు

మొన్న మధురవాడలో మా అమ్మాయి వాళ్ళ అపార్టుమెంటు వెనక ఖాళీ స్థలంలో ఏదో వెబ్ సిరీస్ షూటింగ్ జరుగుతోందని తెలిసి, మోకాళ్ళ నొప్పుల సంగతి కూడా మర్చిపోయి లిఫ్టు దిగి వెళ్ళి గోడవార నిలబడ్డాను. ఒక ఆడపిల్లని ఇద్దరు మగవాళ్ళు కారులోంచి బయటికి లాగి కింద పడేసే సన్నివేశం తీస్తున్నారు. ఆ పిల్ల పడాల్సిన చోట మందపాటి పరుపు వేసి, దానిమీద మట్టిరంగు గుడ్డ కప్పారు. మోచేతులకీ మోకాళ్ళకీ బట్టల లోపల మెత్తలు కట్టారు. దెబ్బలాటలు నేర్పే మనిషి కూడా ఆడపిల్లే, ముప్పై ఏళ్ళుంటాయేమో. మధ్యలో ఆ నటి ఒక్కసారి ఆగమనగానే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. జాకెట్టు హుక్కు ఊడిందట, అంతే. అది సర్దుకునేదాకా కెమెరా దగ్గరివాళ్ళంతా అటు తిరిగి నిలబడ్డారు. నేను పక్కనే ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాను. ఎండదెబ్బ అనుకుని నా వెంట వచ్చిన మనవరాలు మంచినీళ్ళు తెచ్చింది గానీ, అది ఎండ కాదు.

మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మద్రాసు నుంచి సినిమా వాళ్ళు విశాఖపట్నం వస్తే ఊరంతా పెళ్ళివారిని చూసినట్టు చూసేది. మేం అప్పుడు వన్ టౌన్‌లో, ఎదురుగా ఇద్దరొస్తే ఒకరు గోడకి అతుక్కోవలసినంత సందులో ఉండేవాళ్ళం. మా అన్నయ్య పోర్టులో కలాసీ, ఓడల్లోంచి బస్తాలు దింపే పని. మా మేనత్త నాటకాల వాళ్ళకి జడలూ సవరాలూ కట్టేది. ఆవిడ దగ్గర నేర్చుకున్న పనితోనే నేను షూటింగుల్లో హెయిర్ డ్రెస్సర్‌గా చేరాను. ఆ రోజుల్లో నటీమణుల ముఖాలకి రంగు వెయ్యడం కూడా మగవాళ్ళ పనే, ఆడవాళ్ళకి వదిలింది జుట్టు ఒక్కటే. మా వదిన నాతోపాటు వచ్చేది, కానీ ఆవిడ పని వేరు. పాలకొండ వైపు పల్లెలో చెట్లెక్కి, ఏట్లో ఈది, ఎద్దుబండి తోలి పెరిగిన మనిషి కాబట్టి హీరోయిన్లకి డూప్‌గా దూకేది, పడేది, దొర్లేది. తెర మీద ఆవిడ ముఖం ఎప్పుడూ కనిపించలేదు. వీపు కనిపించేది, జుట్టు కనిపించేది. మోకాళ్ళు దాటే జుట్టు మా వదినది. చేతుల్లోకి తీసుకుంటే తడి తాడంత బరువుండేది.

ఆ రోజు షూటింగు హార్బరు దగ్గర ఒక పాత గిడ్డంగిలో పెట్టారు. విలన్ కథానాయికని జుట్టు పట్టుకుని బస్తాల మధ్య నుంచి ఈడ్చుకొచ్చి, స్తంభానికేసి కొట్టే సన్నివేశం. విలన్ వేషం వేసే ఆయనకి నిజంగానే చెయ్యి చేసుకుంటాడని పేరు. అంతకుముందు రోజు చెంపదెబ్బ సీనులో కథానాయిక చెవిలోంచి కొంచెం నెత్తురు వచ్చిందని, ఈ సన్నివేశం తను చెయ్యనని ఆవిడ ఖచ్చితంగా చెప్పేసింది. అందుకని వదినని పిలిచారు. కథానాయికది ఉంగరాల జుట్టు కాబట్టి విగ్గు పెట్టబోయాను. ఈడుస్తుంటే అది ఊడొస్తుందని దర్శకుడు ఒప్పుకోలేదు, ఉంగరాల సవరం తెచ్చి వదిన సొంత జుట్టులోనే కలిపి దారంతో కుట్టెయ్యమన్నాడు. నేను సందేహిస్తుంటే వదినే తల వంచి కూర్చుంది.

"గట్టిగా కుట్టమ్మీ. ఊడిపోనాదంటే మల్లీ ఈడ్పిత్తారు నన్ను," అంది.

కుట్టాను. దారం తెంపే కత్తెర నా నడుముకి దోపుకుని, కెమెరా ట్రాలీ పట్టాల పక్కన నిలబడ్డాను. నొప్పి ఎక్కువైతే అరచేత్తో నేల కొట్టాలని, అది చూసి ఆపుతామని ఫైట్ మాస్టర్ వదినకి చెప్పాడు. గుంపులో నిలబెట్టడానికి తెచ్చిన ఆడవాళ్ళు, మా సందుల్లో వాళ్ళూ చేపల రేవు వాళ్ళూ, బస్తాల వెనక కూర్చుని ఉన్నారు.

విలన్ నటుడు పొద్దున్నే తాగి ఉన్నాడు. మొదటిసారి లాగినప్పుడే వదిన తల వెనక్కి విరిగినట్టయింది, పెదవి చిట్లింది. బాగా వచ్చిందన్నారు, అయినా ఇంకోసారి తీద్దామన్నారు. ఆ రెండోసారి ఆయన జుట్టుని చేతికి రెండు చుట్లు చుట్టుకుని, గచ్చు మీద బొగ్గు నుసిలో ఈడ్చుకొచ్చి, స్తంభానికి తల బాది, కింద పడ్డాక కడుపులో తన్నాడు. తన్నడం వాళ్ళు రాసుకున్న దాంట్లో లేదు. వదిన నేల కొట్టింది. నేను చూశాను, ఫైట్ మాస్టర్ చూశాడు, ఆపమని దర్శకుడి వైపు చెయ్యి ఊపాడు కూడా. దర్శకుడు చాలా సహజంగా వస్తోంది, కెమెరా తిప్పండి అన్నాడు. వదిన మళ్ళీ నేల కొట్టింది. అప్పుడా విలన్ నటుడు బూటు కాలితో ఆ చెయ్యే తొక్కాడు. ఎండుకట్టె విరిగిన చప్పుడు నాకు ట్రాలీ దగ్గరికి వినిపించింది. వదిన అరవలేదు. నోరు తెరుచుకుంది గానీ శబ్దం రాలేదు. ఆయన జుట్టు పట్టుకుని ఇంకా పైకి లాగుతూనే ఉన్నాడు, నేను కుట్టిన దారం తెగలేదు, కణతల దగ్గర చర్మం లేచి నెత్తురు కంట్లోకి కారుతోంది.

నేను ఆలోచించి వెళ్ళలేదు. కెమెరా ముందుకి పరిగెత్తి, ఆయన పిడికిలికీ వదిన తలకీ మధ్య కత్తెర పెట్టి కోసేశాను. ఒక్క కోతకి తెగే జుట్టా అది, రెండు చేతులతో నొక్కి నొక్కి కోశాను. ఆయన కత్తెర చూసి ఇంకా బలంగా లాగాడు. ఆఖరి పాయ తెగేసరికి ఆ జుట్టంతా గుప్పిట్లో పట్టుకుని వెనక్కి తూలి, ట్రాలీ పట్టా మీద తల వెనకభాగం తగిలేలా పడ్డాడు. నెత్తురు చూసుకుని వెర్రెత్తినట్టు బూతులు అందుకున్నాడు.

తర్వాత జరిగింది ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఆయన వెంట వచ్చిన మనుషులు నలుగురైదుగురు నా మీద పడ్డారు. ఒకడు కత్తెర లాక్కున్నాడు, ఒకడు డొక్కలో తన్నాడు, ఇంకెవడో చెంపల మీద కొడుతూనే ఉన్నాడు. నోట్లో పన్ను ఒకటి కదలడం నాలుకకి తెలిసింది. ఆ కొట్టేవాడి చెవి పట్టుకుని వెనక్కి గుంజింది మా వదినే, విరిగిన చెయ్యి పక్కన వేలాడుతుండగా ఒంటిచేత్తో. అప్పటికి బస్తాల వెనక నుంచి ఆడవాళ్ళంతా లేచొచ్చారు. చేపలమ్మే పెద్దావిడ ఒకావిడ, బస్తాలు లాగే ఇనప కొక్కెం చేతిలోకి తీసుకుని మా ఇద్దరికీ ముందు నిలబడి, రండి అన్నట్టు చూసింది. ఒకడు వచ్చాడు. ఆ కొక్కెం వాడి భుజంలో దిగింది. మిగతావాళ్ళు రాలేదు.

కథానాయిక అంతవరకూ గుమ్మం దగ్గర కుర్చీలో గొడుగు కింద ఉంది. మేమంతా ఆవిడకి గర్వం అనుకునేవాళ్ళం. లేచొచ్చి, తన మీద కప్పుకున్న తువ్వాలు వదిన తలకి చుట్టి, దర్శకుడితో ఒకే మాట అంది. "అక్కడ పడాల్సింది నేనండీ. మీరు అప్పుడూ ఇలాగే తిప్పమనేవారా?"

ఆవిడ తన కారులోనే మమ్మల్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. దారిలో వదిన మంచి చేత్తో తల తడుముకుని, జుట్టు ఆడి సేతిలోనే ఉండిపోనాదా అని అడిగింది. అవునన్నాను. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. వారం తిరక్కుండా ఆ కథానాయిక అదే విలన్ ఎదురుగా నిలబడి నటించింది. మాట ఇచ్చిన సినిమా వదులుకుంటే ఆవిడకి మరో సినిమా రాదు. అప్పట్లో నాకు కోపం వచ్చింది, ఇప్పుడు రాదు.

పోలీసుల దగ్గరికి వెళ్తే, సినిమా అంటే కొట్టుకోవడమే కదా అని నవ్వి పంపేశారు. అన్నయ్య తోటి కలాసీ ఒకరిని వెంటబెట్టుకుని ఆ నటుడు దిగిన హోటలుకి వెళ్ళి, గేటు దగ్గరే దెబ్బలు తిని, నుదురు పగిలి వచ్చాడు. కట్టు వేసుకున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని రెండో చేత్తో అన్నయ్య గాయం కడుగుతున్న వదినని చూస్తూ నేను గుమ్మంలో కూర్చున్నాను. పన్ను మర్నాటికి ఊడింది. జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు వచ్చి, ఇక మీ ఇంటి ఆడవాళ్ళని ఎవరూ పిలవరని చెప్పి వెళ్ళాడు.

సినిమా విడుదలై మా వీధి చివరి హాల్లోకే వచ్చింది. వద్దన్నా వదిన వెళ్దామంది. ఆడవాళ్ళ బెంచీల్లో ముందువరసలో కూర్చున్నాం. ఆ సన్నివేశం తీసెయ్యలేదు. నేను కెమెరాకి అడ్డం వచ్చే క్షణం ముందువరకూ ఉంచి, అక్కడ కత్తిరించి కథానాయిక ముఖం అతికించారు. నోరు తెరిచినా శబ్దం రాని వదినకి మద్రాసులో ఎవరో సన్నని గొంతుతో అరిచి పెట్టారు. జుట్టు చుట్టుకుని ఈడుస్తుంటే మగవాళ్ళ వైపు నుంచి ఈలలు మొదలయ్యాయి. చెయ్యి తొక్కినప్పుడు ఎవడో చప్పట్లు కొట్టాడు.

వదిన లేచి బెంచీ మీదికెక్కింది. వంకరగా అతుక్కున్న ఆ చెయ్యి పైకెత్తితే ప్రొజెక్టరు వెలుగులో నీడ తెర మీద, విలన్ ముఖం మీద పడింది.

"ఏటి ఈలలేత్తన్నారు? అది ఏక్షననుకుంతన్నారా? ఆడు తొక్కింది ఈ సెయ్యినే. సూడండి," అంది. గొంతు పెంచలేదు. అయినా హాలంతా వినిపించింది.

కూర్చోమని ఎవరో కేకేశారు. ఒక సోడాబుడ్డి వచ్చి మా పక్క గోడకి తగిలి పగిలింది. కానీ ఈలలు మాత్రం ఆగిపోయాయి. వదిన ఆ దెబ్బలాట అయ్యేదాకా చెయ్యి దించలేదు. అప్పుడు దిగి, పదమ్మీ అంది. మా వెనకే ఆడవాళ్ళ బెంచీలు సగం ఖాళీ అయ్యాయి. మేమెవరమూ పిలవలేదు.

నాకు మళ్ళీ సినిమాల్లో పని దొరకలేదు. పెళ్ళికూతుళ్ళకి జడలు వేస్తూ, తర్వాత చిన్న బ్యూటీ పార్లరు పెట్టుకుని, పిల్లని చదివించుకున్నాను. వదిన మాత్రం సినిమాని వదల్లేదు. కొన్నేళ్ళు పోయాక టీవీ సీరియళ్ళ వాళ్ళు ఊళ్ళోకి రావడం మొదలైనప్పుడు, పనికి వెళ్ళే ఆడపిల్లల వెంట పెద్దదిక్కుగా వెళ్ళేది. తోపులాట సీను ఉందంటే కెమెరా పక్కన చేతులు కట్టుకుని నిలబడేది. ఎవరైనా నేల కొట్టీ కొట్టకముందే ఫ్రేములోకి నడిచి వెళ్ళిపోయేది. తిట్టారు, రెండుమూడుసార్లు నెట్టారు, ఒకచోట గేటు బయట పెట్టి తాళం వేశారు. గేటు బయటే కూర్చుంది.

జుట్టు మాత్రం మళ్ళీ పెంచలేదు. మెడ దాటగానే నా దగ్గరికి వచ్చి కత్తిరించమనేది. మా చుట్టాల్లో దానిమీద ఎన్నెన్ని మాటలు పడిందో చెప్పలేను. ముత్తైదువకి ఈ క్రాపేమిటని పేరంటాల్లో పక్కన కూర్చోబెట్టినవాళ్ళున్నారు, దేవుడికి ఇచ్చావా అని అడిగినవాళ్ళున్నారు. అన్నయ్య బతికుండగానే శకునం బాగోదని ఎదురు రావద్దన్నవాళ్ళూ ఉన్నారు. పెంచుకో వదినా అని నేనే బతిమాలాను ఒకసారి.

"ఎవుడికీ పట్టుకోడానికి ఏటీ ఉండకూడదమ్మీ," అంది, తల నా ముందుకి వంచుతూనే.

ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఆ రోజు చివరిసారి తల దువ్వింది నేనే. దువ్వెన పెట్టగానే చివరికి వచ్చేసేంత జుట్టు. ఇప్పుడు మధురవాడలో సాయంత్రం ఆఫీసుల దగ్గర నిలబడితే, మెడ మీదికి కత్తిరించుకున్న జుట్టుతో బళ్ళ మీద ఆడపిల్లలు బారులు తీరి వెళ్తుంటారు, మా మనవరాలూ వాళ్ళలో ఒకతె. ఎందుకు కత్తిరించుకున్నావని ఎవరూ ఎవరినీ అడగరు. హెల్మెట్టుకి సుఖమనో, ఎండకి హాయి అనో, ఊరికేనో. అలా ఊరికే, ఏ కారణమూ లేకుండా జుట్టు పొట్టిగా ఉండే రోజులొచ్చాయి. వాళ్ళని చూస్తే నాకు సంతోషమే. కానీ మా వదిన మాత్రం ఒక్క పూట కూడా ఊరికే అలా ఉండలేకపోయింది.