పిచ్చుక గీసిన కుబుసరాణి

పిచ్చుక అంటే ఆ బొమ్మల కార్ఖానాలో అందరికీ తెలుసు. పిచ్చుక గొంతు ఎలా ఉంటుందో మాత్రం సగం మందికి తెలియదు. నలభై మూడేళ్ళ మనిషి, పీచు బస్తా పక్కన నిలబడితే బస్తాయే కాస్త పొడుగు. ఇరవై రెండేళ్ళుగా ఆమె చేసే పని ఒక్కటే, గుడ్డ బొమ్మల్ని తిరగెయ్యడం. ఎలుగుబంటి గానీ కుందేలు గానీ మిషను మీద నుంచి దిగేటప్పుడు లోపలిది బయట, బయటిది లోపల ఉంటుంది. కుట్లన్నీ పైకి తేలి, దారపు కొసలు వేలాడుతూ, గుడ్డి మొహంతో వస్తుంది. పొట్ట దగ్గర కుట్టకుండా వదిలిన మూడంగుళాల సందులో పిచ్చుక రెండు వేళ్ళు దూర్చి, కొస దొరకబుచ్చుకుని ఒక్క లాగు లాగుతుంది. అంతే, కుందేలు కుందేలవుతుంది. ఆ తర్వాత పీచు కూరేవాళ్ళు కూరుతారు, సందు మూసేవాళ్ళు మూస్తారు. రోజుకు మూడొందల జంతువులకు రూపం వస్తోంది కదా ఆమె చేతిలో, ఒక్కదాన్నయినా ఇది నాది అని చూపించుకోవడానికి లేదు.

ఆ బొమ్మలకు కాగితం మీద కత్తిరింపు గీతలు గీసేది ఆమె అక్క. అదే కార్ఖానా, పక్క గది. చెల్లెలికన్నా ఆరేళ్ళు పెద్దది, నోరు మాత్రం అరవై మందికి సరిపోతుంది. చిన్నప్పుడు బళ్ళో ఎవరైనా "నీ పేరేమిటే" అని పిచ్చుకను అడిగితే అక్క చెప్పేది. డాక్టరు "ఎక్కడమ్మా నొప్పి" అంటే అక్క చెప్పేది. అదీ సరిగ్గానే చెప్పేది, వచ్చిన చిక్కల్లా అదే. చెడ్డమనిషైతే పోట్లాడొచ్చు. ప్రేమకొద్దీ మన మాట కూడా తనే మాట్లాడేసే మనిషితో ఏమని పోట్లాడతాం?

ఆదివారం మధ్యాహ్నాలు కార్ఖానా ప్యాకింగు గదిలో, పెద్ద బల్ల చుట్టూ ఐదుగురు చేరి ఒక ఆట ఆడతారు. ఆటంటే పేకాట కాదు. ఒకరు కుర్చీలో కూర్చుని కథ నడుపుతారు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషై, ఏం చేస్తారో నోటితో చెప్పి, ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే అనుకున్నది జరుగుతుంది, చిన్నది పడితే జరగదు. అక్క అందులో ఇనుపచెయ్యి అనే వీరుడు. తొమ్మిదేళ్ళుగా అదే వీరుడు. వాడి ఒంటి మీద నూట పన్నెండు గాయాలున్నాయి, ఏది ఏ యుద్ధంలో తగిలిందో అక్క నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. పోస్ట్‌మాన్ మాంత్రికుడు. ఆసుపత్రి నర్సమ్మ ఆటలో వైద్యురాలు కాదు, దొంగ. వారమంతా చేసే పని మళ్ళీ ఆదివారం కూడానా, నా వల్ల కాదంది. పిచ్చుక ఒక విలుకత్తె. తొమ్మిదేళ్ళలో ఆ విలుకత్తె నోట వచ్చినవి పాచిక మీద పడ్డ అంకెలే. మిగతాదంతా అక్కే చూసుకునేది: "మా చెల్లెలు చెట్టెక్కి బాణం వేస్తుంది, రాసుకోండి."

కుర్చీ మాస్టారిది. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఈ ఏడు గొంతుకు ఆపరేషనయింది, గంట మాట్లాడితే మాట గీరుకుపోతోంది. ఇక కుర్చీ ఖాళీ చేస్తానన్నారు. ఎవరికివ్వాలో తేల్చడానికి ఆ బల్లకు ఒక పద్ధతి ఉంది. కుర్చీ కావాలన్నవాళ్ళు ఒక రాక్షసిని తయారుచెయ్యాలి. ఒక బొమ్మ, ఒక పేజీ రాత. రెండూ కవర్లో పెట్టి, అతికించి, వారం ముందే మాస్టారికి ఇచ్చెయ్యాలి. ఆట రోజున బొమ్మ గోడకెక్కుతుంది, రాత మాస్టారి చేతిలో ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి మొదలైతే సాయంత్రం ఆరింటిదాకా ఆ రాక్షసి మిగతావాళ్ళ దెబ్బలకు చావకుండా నిలబడాలి. నిలబడితే కుర్చీ దాన్ని చేసినవాళ్ళది. ఇచ్చిన కాగితానికి ఒక చుక్క కలపకూడదు, ఒక చుక్క తియ్యకూడదు. గీసిందే నిజం, రాసిందే చట్టం.

ముందు పోస్ట్‌మాన్ పోటీకి దిగాడు. అతను చేసిన మూడు తలల రాక్షసుడు మూడుంబావుకల్లా ఇనుపచెయ్యి కత్తికి బలయ్యాడు. ఇంకెవరూ లేకపోతే కుర్చీ అక్కకే అన్నారందరూ. అప్పుడు పీచు బస్తాల పక్కనుంచి ఒక చెయ్యి లేచింది.

"చెయ్యి దించవే, ఫ్యానుకు తగులుతుంది," అంది అక్క.

పిచ్చుక దించలేదు. ఎందుకు దించలేదని తర్వాత నర్సమ్మ అడిగితే, దించితే ఇంక ఈ జన్మకు ఎత్తలేనని తెలిసిపోయింది వదినా, అని చెప్పిందట. ఆమెకు కావలసింది కుర్చీ కాదు, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు నోరు విప్పితే అందరూ వింటారే, అది. ఏడాదికి యాభై ఆదివారాలు, నాలుగేసి గంటలు.

మూడు వారాలు పగలంతా కుందేళ్ళు తిరగేస్తూ, మనసులో మాత్రం పామును పెంచింది. దానికి కుబుసరాణి అని పేరు పెట్టింది. పొడవు నూరు బారలు. ఏ ఆయుధమూ దాని చర్మం దాటదు. నిప్పు కాల్చదు, మంత్రం అంటదు. కళ్ళు కనపడవు, ఒళ్ళంతా కుట్లలాంటి గట్లు, గట్ల మీద వెంట్రుకల్లాంటి పోగులు. అడుగుల చప్పుడును బట్టి కాటేస్తుంది. ఒక కాటుకు ఒక చెయ్యో కాలో రాయైపోతుంది, నాలుగో కాటుకు మనిషే రాయైపోతాడు. ఇక బొమ్మ. ఆమెకు బొమ్మ గియ్యడం ఒక్క రకంగానే వచ్చు, అక్క నేర్పిన రకంగా. కార్ఖానాలో కత్తిరింపు కాగితం ఎలా గీస్తారో సరిగ్గా అలాగే, చుట్టూ చుక్కల గీతతో, అలవాటుగా పెట్టే గుర్తులతో, కాగితం నిండా చుట్టలు చుట్టిన పామును గీసింది. కవరు అతికించి ఇచ్చేసి, ఆ వారమంతా అన్నం సయించక తిరిగింది.

ఆదివారం రెండింటికి మాస్టారు బొమ్మ విప్పి గోడకు గుచ్చారు. "అబ్బో," అన్నాడు పోస్ట్‌మాన్, కుర్చీ వెనక్కి జరుపుకుని. పిచ్చుక కూడా తల ఎత్తి చూసుకుంది. పాము పొట్ట కింద, తోకకు బెత్తెడు ఇవతల, చుక్కల గీత తెగిపోయి ఉంది. మూడంగుళాలు. సందు. ఇరవై రెండేళ్ళ అలవాటు, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. కుట్టిన ప్రతిదానికీ సందు ఉండాలి కాబట్టి కుబుసరాణికీ వదిలిపెట్టింది. గీసిందే నిజం. లోకంలో ఏ కత్తీ దిగని పాముకు పొట్ట కింద తలుపు తీసి పెట్టింది.

మాంత్రికుడికీ దొంగకూ అది కనపడదు, కనపడినా అదేమిటో తెలియదు. తెలిసేది ఒక్క అక్కకే. అక్క మాత్రం బొమ్మ వైపు చూడనే లేదు, కత్తి దూసేసింది. అక్క అంతే, దేన్ని కొడుతున్నదో చూసి కొట్టే రకం కాదు.

ఆ రోజు జరిగినంత యుద్ధం ఆ బల్ల పుట్టాక జరగలేదు. రాక్షసిని చేసినవాళ్ళే దాని తరపున పాచిక వెయ్యాలి, మాస్టారు రాత చూసి తీర్పు చెబుతారు. మొదటి అరగంటలోనే మాంత్రికుడి ఎడం కాలు రాయైంది. మంటల గోళం విసిరితే పాము ఒంటి మీద నీళ్ళలా జారిపోయింది. చప్పుడు వింటుందని కనిపెట్టి నర్సమ్మ చెప్పులు విడిచి నడుస్తానంది, పద్నాలుగు పడింది, నడిచింది. వెనకాలే ఇనుపచెయ్యి గావుకేక పెట్టి దూకాడు. ఆ కేకకు పాము తిరిగి ఇద్దర్నీ కాటేసింది.

"కాస్త మెల్లగా దూకొచ్చుగా పెద్దక్కా," అంది నర్సమ్మ ఏడుపు మొహంతో.

"వాడికి మెల్లగా దూకడం రాదు, నేనేం చెయ్యను?"

నాలుగున్నరకు దొంగ పూర్తిగా రాయైంది. ఐదుకు మాంత్రికుడూ అంతే. పోస్ట్‌మాన్ తన మాంత్రికుడి వివరాలు రాసుకున్న కాగితం బోర్లించి, లేచి బల్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. కూర్చోలేకపోతున్నాడు పాపం. పిచ్చుకకు భయం ఒక పక్క, ఆనందం ఒక పక్క. తన పాము ముగ్గుర్ని పరుగెత్తించింది, అందరి కళ్ళూ తన చేతి మీదే ఉన్నాయి. ఐదున్నరకు ఇనుపచెయ్యికి రెండు కాళ్ళూ ఎడం చెయ్యీ పోయాయి. మిగిలింది కుడి చెయ్యొక్కటే. నేల మీద పడి ఉన్నాడు. చెయ్యడానికేమీ లేక అక్క మొట్టమొదటిసారి గోడ వైపు చూసింది.

అలా చూస్తూ ఉండిపోయింది. పనిలో తేడా పట్టుకున్నప్పుడు అక్క కింది పెదవి ఎలా ముడుచుకుంటుందో పిచ్చుకకు తెలుసు. ముడుచుకుంది. అయిపోయింది అనుకుంది పిచ్చుక.

"మా వాడు కత్తి కింద పడేశాడు," అంది అక్క తాపీగా. "పాము పొట్ట కిందికి పాకుతున్నాడు. అదుగో, అక్కడ కుట్టు లేదు. అందులో చెయ్యి పెట్టి, తోక కొస పట్టుకుని లాగేస్తున్నాడు. మొత్తం తిరగేస్తున్నాడు."

మాస్టారు కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి గోడ దగ్గరికి వెళ్ళారు. "ఉంది," అన్నారు గీరుకుపోయిన గొంతుతో. "ఇక్కడ గీత లేదు. పద్దెనిమిదికి తక్కువ పడకూడదు, పెద్దమ్మాయ్."

పాచిక బల్ల మీద దొర్లి, కత్తెరకు తగిలి ఆగింది. పంతొమ్మిది.

పోస్ట్‌మాన్ బల్ల మీద గట్టిగా చరిచాడు. "లోపలి పేగులు బయటికొచ్చాక ఇంకేం బతుకుతుంది? అయిపోయినట్టే."

"ఏమంటావమ్మా పిచ్చుకా?" అన్నారు మాస్టారు.

"అనేదేముంది," అంది అక్క. "చచ్చింది."

ఆ మాటకు పిచ్చుక ఒళ్ళు భగ్గుమంది. పాము చచ్చిందన్నందుకు కాదు. అడిగింది తనను, చెప్పింది అక్క. బడి దగ్గర్నుంచి ఈ పూట దాకా ఇదే వరస. కోపంగా గోడ వైపు చూసింది, తన పామును ఆఖరిసారి చూసుకుందామని. పాము మెడ మీద ఒక గుర్తు కనపడింది. అది కత్తిరింపు కాగితం మీద ఎప్పుడూ ఉండే గుర్తు కనకే ఇంతసేపూ కంటికి ఆనలేదు.

"ఆగక్కా," అంది. "నేను చెప్తాను."

"మాస్టారూ, మెడ మీద ఇంటూ గుర్తుంది చూడండి. అది నేను ఇవాళ పెట్టింది కాదు, కవర్లో వచ్చిందే. మా పనిలో ఆ గుర్తు ఏ వైపు పెడతామో మా అక్కనే అడగండి."

అందరూ అక్క వైపు తిరిగారు. అక్కకు నోట మాట రావడానికి కాస్త సమయం పట్టింది. అదొక వింతే. "లోపలి వైపు," అంది చివరికి. "తిరగెయ్యకముందు, పైకి కనపడే లోపలి వైపు."

"మరి మీరు మధ్యాహ్నం నుంచి కొట్టింది లోపలి వైపునే," అంది పిచ్చుక. లేచి నిలబడింది. "ఆ గట్లన్నీ కుట్లు. ఆ వెంట్రుకలు దారాలు. అది ఇంకా తయారుకాని పాము. కళ్ళు లేక కాదు కనపడనిది, కళ్ళు లోపలి వైపుండి. ఇప్పుడు ఇనుపచెయ్యి దాన్ని సవ్యంగా తిప్పాడు. పొలుసులు బయటికొచ్చాయి. ఒక్కో పొలుసూ పళ్ళెమంత, పచ్చగా మెరుస్తోంది. సందు మూసుకుపోయింది. ఇప్పుడది కళ్ళు తెరుస్తోంది, మెల్లగా, పుట్టాక మొదటిసారి. ఎదురుగా నేల మీద ఒక్క చెయ్యున్న మనిషి కనపడ్డాడు. తనకు రూపమిచ్చినవాడు. వాణ్ణి చూసి కుబుసరాణి తల వంచింది. వంచింది దండం పెట్టడానికి కాదు."

నర్సమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పోస్ట్‌మాన్ ఎప్పుడు కూర్చున్నాడో అతనికే తెలియదు. మాస్టారు గోడ మీది గుర్తు తడిమి, రాత చదివి, తల ఊపారు. "చట్టం ఒప్పుకుంటోంది. వెయ్యి."

పిచ్చుక పాచిక వేసింది. ఇరవై పడింది, నాలుగో కాటుకు ఇనుపచెయ్యి పూర్తిగా రాయైపోయాడు. గోడ గడియారంలో ఆరుకు ఇంకా రెండు నిమిషాలుంది గానీ, పాముతో పోట్లాడడానికి ఎవరూ మిగల్లేదు.

గెలిచానన్న సంతోషం పిచ్చుకకు గొంతు దాకా వచ్చి, అక్క మొహం చూడగానే అక్కడే ఆగింది. తొమ్మిదేళ్ళు, నూట పన్నెండు గాయాలు. అక్క ఇనుపచెయ్యి వివరాలున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది, మడత మీద గోరుతో గీసింది, జాకెట్టులో దోపుకుంది. కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు.

"తొమ్మిదేళ్ళు పెంచానే వాణ్ణి," అంది.

"తెలుసక్కా," అంది పిచ్చుక.

మాస్టారు కుర్చీలోంచి లేచి, దాన్ని పిచ్చుక వైపు జరిపారు. ఆమె కూర్చుంది. కాళ్ళు నేలకు అందలేదు. ఎవరూ నవ్వలేదు. అక్క కొత్త తెల్లకాగితం ఒకటి ముందు పెట్టుకుని, పెన్సిలు చెక్కుకుని, చెల్లెలి వైపు తిరిగింది.

"వచ్చే ఆదివారానికి నాకో కొత్త మనిషి కావాలి. ఎవరిగా పుట్టమంటావే?"

"ఆలోచించుకోనీ," అంది పిచ్చుక.

ఆమె ఆలోచించుకుంది. చాలాసేపే పట్టింది. అక్క నోరు విప్పకుండా, పెన్సిలు పట్టుకుని కూర్చుంది.