తోకచుక్కలో బొగ్గు లెక్క

1986లో, డెబ్బై ఆరేళ్ళకోసారి వచ్చే తోకచుక్క కనబడిన ఎండాకాలం, నేను ఆదిలాబాద్ జిల్లాలో ఒక బొగ్గుబాయి మున్షీని. షిఫ్టు చివర వరసగా నిలబడ్డ టబ్బులను, అంటే బొగ్గు నింపిన ఇనుప బండ్లను, లెక్కపెట్టి రాయడం నా పని. చదువు ఏడో తరగతి. మిగతా లెక్కలన్నీ పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నవే. బొగ్గు నింపేవాళ్ళ కూలి టబ్బుల లెక్క మీదే; తగువొస్తే నా అంకెతోనే తీరేది.

తోకచుక్కలో కార్బన్ వెలుగు కనబడిందని పేపర్లో చదివాను. కార్బన్ అంటే బొగ్గే కదా అని కాగితం తీశాను. అంత పొడవు తోక మండాలంటే ఎంత బొగ్గు కావాలో రెండు రోజులు కట్టాను. ఎట్లా కట్టినా ఒక్క చుట్టుకే బూడిదైపోతోంది. మరి మళ్ళీ మళ్ళీ ఎట్లా వస్తుంది? బాయి దిగేవాళ్ళు దీపాలు తీసుకునే గది బయటి నల్లబల్ల మీద లెక్కంతా రాసి, కింద ‘పేపర్లో వచ్చింది తప్పు’ అని పెట్టాను.

ఆ ఆదివారం బామ్మర్ది వచ్చాడు. కరీంనగర్ కాలేజీలో రసాయన శాస్త్రం చెబుతాడు. గుణకారాలన్నీ చూసి నవ్వాడు.

“అంకెలు మంచిగనే ఉన్నయ్ బావా. కానీ ఆడ గాలేది? గాలి లేంది బొగ్గెట్ల మండుతది?”

బాయిలో రోజూ గాలి ఆడటం గురించే మాట్లాడుకునే నాకు ఆ మాటే తట్టలేదు.

“మరి ఆ వెలుగేంది?”

“ఎండకు అణువులు పగిలి కార్బన్ పరమాణువు విడివడతది. అది సూర్యుని వెలుగు తీసుకుంటది, మళ్ళ ఇడుస్తది. కాలుడు లేదు, బూడిద లేదు.”

ఆ వెలుగు అతినీలలోహితమట. తరంగదైర్ఘ్యం 1657 ఆంగ్‌స్ట్రాములు. నాలుగు వేలకు తగ్గితే మన కంటికి అందదు. పైగా మన గాలి దాన్ని మింగేస్తుంది కాబట్టి పరికరాన్ని రాకెట్లో పైకి పంపాలి. వెలుగును విడదీసి చూస్తే 1931 దగ్గర ఇంకో గీత కనబడుతుందన్నాడు. అది అప్పటికే కొంత శక్తి నింపుకున్న పరమాణువుదట. అది ఏ అణువు పగిలితే వచ్చిందో ఆ గీతను బట్టి వెతుకుతారట. ఒక అంకె పట్టుకుని పుట్టుక దాకా పోవచ్చా! సాయంత్రం బస్సెక్కేదాకా అడుగుతూనే ఉన్నాను.

“పోయి బల్ల మీదిది తుడిచెయ్యి బావా,” అన్నాడు కిటికీలోంచి.

అప్పటికే రెండు షిఫ్టులవాళ్ళు చూశారు. తప్పని ఒప్పుకుంటే టబ్బుల దగ్గర నా అంకెను ఎవరు నమ్ముతారు? సోమవారం పొద్దున సుద్దముక్క పట్టుకుని బల్ల దగ్గరికి పోయాను. తుడవలేదు. కింద రాశాను: ‘నా లెక్క తప్పు. అక్కడేదీ మండట్లేదు.’

బొగ్గు నింపే పెద్దాయన ఒకరు అది ఎవరితోనో చదివించుకుని వచ్చాడు.

“చుక్కల కాడ తప్పినోనివి, నా టబ్బుల కాడ తప్పవని ఏం నమ్మకం మున్షీ? ఇయ్యాల్టి సంది నా ముంగట లెక్కవెట్టు.”

నెలరోజులు అట్లాగే పెట్టాను. మధ్యలో ఆయనే, “గా కనవడని వెలుగును ఎవలు చూసిండ్రు మరి?” అనేవాడు. చెప్పబోయి రెండుసార్లు అంకె మరిచాను. రెండుసార్లూ మొదటి టబ్బు దగ్గరికి నడిపించాడు.