బతికున్నవాడి మీద చావుపద్యం

హార్డింగ్ రేవులో ఎవరైనా పోతే మొదటి కబురు పాస్టరు గారికి, రెండోది శవపేటిక చేసే వడ్రంగికి, మూడోది ట్రైఫీనా నికర్సన్‌కి వెళ్ళేది. పాస్టరు ప్రార్థన చేసేవాడు, వడ్రంగి కొలతలు తీసుకునేవాడు, ట్రైఫీనా పద్యం రాసేది. ఆ పద్యం శనివారం పేపర్లో ఆఖరి పేజీ మూల అచ్చయ్యేది. ఇంటివాళ్ళు ఆ ముక్క కత్తిరించి, పోయిన మనిషి జుట్టుతో అల్లిన పూలదండ నడుమ పెట్టి, అద్దం బిగించి ముందుగదిలో తగిలించుకునేవారు. ఊళ్ళో ఏ ఇంటికి కాఫీకి వెళ్ళినా గోడ మీంచి తన రాత తననే పలకరించేది. ఆ సంతోషం ముందు మొగుడూ పిల్లలూ లేని లోటు ఆమెకు పెద్దగా కనిపించలేదు.

రోజంతా కిటికీ దగ్గర కూర్చుని గడ్డి టోపీలు కుట్టేది. చేతులు టోపీ మీద, మనసు పద్యం మీద. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఉత్తరాలు వచ్చేవి. కాగితం ఆదా అని అడ్డంగా రాసిన వరుసల మీదే నిలువుగా మళ్ళీ రాసేవాళ్ళు, అవి చదివేసరికి కళ్ళు జల్లెడయ్యేవి. ఒకావిడ తన అత్తగారికి పద్యం కావాలంటూ, ముసలావిడ కీళ్ళనొప్పులు మరిచిపోకుండా అందులో పెట్టమని రాసింది. ట్రైఫీనా పెట్టింది కూడా. బోస్టన్‌లో గడ్డాలు పెంచిన పెద్ద పెద్ద కవులు కీళ్ళనొప్పుల మీద పద్యం చెప్పమంటే నీళ్ళు నమిలేవారు.

ఆమె పక్కింటివాడు బార్జిలై క్రోవెల్. తిమింగలాల వేటకు పోయే ఓడల్లో మేటు, అంటే కెప్టెన్ తర్వాతివాడు. రెండు మూడేళ్ళకోసారి ఇల్లు చేరేవాడు, చేరినప్పుడల్లా ట్రైఫీనాతో గొడవే. ఆమె పెరట్లో ఒక పియర్ చెట్టు ఉంది. దాని మంచి కొమ్మ కంచె దాటి అతని వైపు వాలింది. అటు పడిన ఒక్క కాయ కూడా తిరిగి ఇవ్వడు సరికదా, ఇటు వేలాడేవాటిని కూడా కర్రతో అటు లాక్కునేవాడు. పిసినారి, నోటి దురుసు. భార్య కెజియాను కూడా ఓడలో కుర్రాళ్ళను కేకేసినట్టే కేకేసేవాడు.

ఒక శీతాకాలం ఓడ తిరిగొచ్చింది గాని బార్జిలై రాలేదు. ఈటె దిగిన తిమింగలం అతని పడవను లాక్కుని పొగమంచులోకి పోయిందట, ఎంత వెతికినా దొరకలేదట. పాస్టరు ప్రార్థన చేశాడు. శవం లేకపోయినా సమాధుల గుట్ట మీద అతని పేరుతో రాయి నిలబెట్టారు. కెజియా నల్లబట్టలు కట్టుకుని ట్రైఫీనా వంటింట్లో వచ్చి కూర్చుంది.

"అక్కా, ఆయన మీద నాలుగు ముక్కలు రాయవూ."

"రాయకుండా ఉంటానా. ఏడవకమ్మా. ఏం రాయమంటావు చెప్పు, మంచివి."

కెజియా చాలాసేపు ఆలోచించింది. "పొద్దున్నే లేచేవాడు," అంది చివరికి.

అంతకుమించి ట్రైఫీనాకు కూడా ఏమీ తోచలేదు. కానీ ఎదురుగా ఉన్న ఆ పిల్ల మొహం చూసి కలం అందుకుంది. ఆ పిల్లకు ఎలాంటి మొగుడు దొరికుంటే బాగుండేదో అలాంటివాణ్ణి తలుచుకుని రాసేసింది.

ఇరుగుపొరుగుకు మూయని చేయి,
పరుషమెరుగని పలుకుల తేనె,
కరుణ నిండిన కన్నులు మూసి
దరియె లేని కడలి ఒడి చేరె.

కెజియా అది చదువుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అచ్చయిన ముక్కకు మంచి వాల్‌నట్ చెక్క చట్రం కట్టించుకుంది.

మరుసటి ఏడాది ఆకులు రాలే రోజుల్లో బార్జిలై సంచి భుజాన వేసుకుని రేవులో దిగాడు. పొగమంచులో ఇంకో ఓడ అతన్ని ఎక్కించుకుంది, ఆ ఓడ ఉత్తరాన మంచు సముద్రానికి పోతోంది, మధ్యలో దింపే చోటు లేదు. అంతే సంగతి. కెజియా అతన్ని చూసి గుమ్మంలోనే కూలబడిపోయింది, లేచాక నల్లబట్టలు విప్పి చేపల పులుసు పొయ్యి మీద పెట్టింది.

ఊరు మాత్రం నవ్వడం మొదలుపెట్టింది. చనిపోయినవాడు తిరిగొచ్చినందుకు కాదు, పద్యంలో మనిషి ఒకడూ వచ్చిన మనిషి ఇంకొకడూ అయినందుకు. దుకాణంలో పీపాల మీద కూర్చునే ముసలాళ్ళు అతను కనిపిస్తే చాలు, "తేనె పలుకులాయనా, ఇలా రా!" అని పిలిచేవారు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆదివారం చర్చి మెట్ల మీద డార్కస్ హోస్ ట్రైఫీనాను ఆపింది. కాలం చేసిన డార్కస్ తండ్రి ఊళ్ళో అందరికీ పడవలు చేసిచ్చిన పెద్దమనిషి.

"అత్తా, మా నాన్న మీద రాసింది కూడా ఇంతేనా?"

"అదేం మాటే! మీ నాన్న నిజంగానే దొడ్డమనిషి."

"బార్జిలైని కూడా దొడ్డమనిషనే రాశావుగా. రేపెవరైనా మా గోడ చూసి నవ్వితే నేనేం చెప్పను?"

ట్రైఫీనా తల దించుకుని మెట్లు దిగిపోయింది. ఇన్నేళ్ళూ గోడల మీంచి తనని పలకరించిన రాతలన్నీ ఇప్పుడు నిలదీస్తున్నట్టు అనిపించింది. ఆ వారం పాస్టరు గారి పినతల్లి పోయింది. కబురు వస్తే, చేతులు నొప్పిగా ఉన్నాయని చెప్పి పంపేసింది. సిరా బుడ్డిని బీరువా పై అరలోకి ఎక్కించింది. ఇంక రాయదలుచుకోలేదు. తన రాత అబద్ధమని తేలిపోయాక ఏ మొహం పెట్టుకుని రాస్తుంది? టోపీలు కుడుతూ ఏడ్చింది, గడ్డి తడిసి వంకర తిరిగింది.

అప్పుడు వచ్చాడు బార్జిలై, వీధి గుమ్మం గుండా కాదు, కంచె దూకి.

"ట్రైఫీనా! ఉన్నావా?"

"ఎక్కడికి పోతాను? ఏం, నువ్వు కూడా ఎగతాళి చేద్దామని వచ్చావా?"

అతను జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగి, చేపనూనె మరకలతో నిండి ఉంది. పేపరు ముక్క.

"ఇది నీకెక్కడిది?"

"నడిసముద్రంలో దొరికింది. ఓడకి ఓడ ఎదురైతే ఆపి పేపర్లు మార్చుకుంటాంగా. పాత పేపర్ల కట్టలో నా చావు దొరికింది. కుర్రాళ్ళు పైకి చదివి దొర్లి దొర్లి నవ్వారు. 'మేటు గారి చేతికి ఎముకే లేదంట్రోయ్' అని."

"నువ్వు నవ్వలేదూ?"

"నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు." అతను తన టోపీని చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు. "ఎవడో మంచివాడు పోయాడు, పాపం అనిపించింది. ఆ మంచివాడి పెళ్ళాం ఇంటి దగ్గర ఏడుస్తోంది. అక్కడికి నేను వెళ్ళి నిలబడితే ఆవిడకేం ఒరుగుతుంది, చెప్పు?"

ట్రైఫీనా సూది ఆపింది. అతన్ని చిన్నప్పటి నుంచీ ఎరుగును గాని అంత పెద్ద మాట అతని నోట ఎప్పుడూ వినలేదు.

"అది అబద్ధపు రాత బార్జిలై. చింపెయ్యి. నేనింక రాయను."

"చింపితే ఊరుకోను! అది నాది. అట్టే పెట్టు, నేను నిజంగా పోయినప్పుడు మళ్ళీ అవసరం పడుతుంది. నువ్వు కూడా మానకు, ఆ పాస్టరు పిన్నమ్మ ఏం పాపం చేసింది?" అంటూనే విసురుగా వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. వెళ్ళాక చూస్తే గుమ్మం పక్కన బుట్టెడు పియర్ కాయలు ఉన్నాయి, సగం దెబ్బ తగిలినవే.

సిరా బుడ్డి కిందికి దిగింది. పాస్టరు గారి పినతల్లికి పద్యం ఆలస్యంగానైనా అందింది. ఈసారి ట్రైఫీనా ఆవిడ చెవిటితనం గురించి, దొంగచాటుగా ముక్కుపొడుం పీల్చడం గురించి కూడా రాసింది. ఇంటివాళ్ళు చదివి కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు. డార్కస్ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

బార్జిలై మళ్ళీ వేట ఓడ ఎక్కలేదు. మంచితనం అతనికి అలవాటు లేని చొక్కాలాగే బిగుతుగా ఉండేది. ఎవరికైనా కట్టెలు కొట్టిపెట్టి, థాంక్స్ చెబితే కసురుకునేవాడు, "నీ కోసం కాదు, ఆ పద్యం కోసం!" అని. కెజియా మీద కేకెయ్యబోయి మధ్యలో ఆగి, గోడ మీది చట్రం వైపు చూసి, గొంతు తగ్గించేవాడు. ఏటా కాయల బుట్ట కంచె దాటేది. మొదట దెబ్బ తిన్న కాయలు, తర్వాత మంచివి. కొన్నేళ్ళకి పద్యం మాట ఎత్తడం మానేశాడు, కాయలు మాత్రం మానలేదు. సాయంత్రాలు కెజియా నవ్వు కంచె ఇవతలికి వినిపించేది. ట్రైఫీనాకు ఆ నవ్వు ఏ పద్యం కన్నా ఇష్టంగా ఉండేది.

జుట్టంతా నెరిశాక, ఒక వేసవిలో, ముందుగదిలో తన మంచం మీదే బార్జిలై పోయాడు. కబురు అందగానే ట్రైఫీనా చట్రంలోంచి పద్యం తీయించి కలం పట్టుకు కూర్చుంది. మొదటి మూడు వరుసల్లో కొట్టేయడానికి ఒక్క మాట దొరకలేదు. ఆఖరిది మాత్రం మార్చాలి, మనిషి సముద్రంలో లేడు కదా. "విరులు పూచే గుట్ట ఒడి చేరె" అని దిద్ది, టోపీ పెట్టుకుని పేపరు ఆఫీసుకి నడిచింది.

ఎడిటరు చదివి మొహం చిట్లించాడు. "అత్తా, ఇది ఒకసారి వేసిందే కదా. మళ్ళీ ఎందుకు?"

"అప్పుడు వేసింది అబద్ధం నాయనా," అంది ట్రైఫీనా. "ఇప్పుడు నిజం వెయ్యి."