నొప్పి చెప్పకూడదని నేర్పాను

అది 2001 ఏప్రిల్. మండపేట చుట్టూ రెండో పంట దాళ్వా వరి కోతలు సాగుతున్నాయి. రోడ్ల నిండా ధాన్యం లారీలే. నేను సైన్యంలో పదహారేళ్ళు పనిచేసి, ఫిజికల్ ట్రైనింగ్ హవల్దారుగా రిటైరై వచ్చి అప్పటికి ఐదేళ్ళయింది. జవాన్ల చేత పరుగులు తీయించడం, తాళ్ళెక్కించడం నా ఉద్యోగం. ఊళ్ళోకి వచ్చాక వేరే పని చేతకాక అదే పెట్టుకున్నాను. సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్ళను రిక్రూట్‌మెంట్ ర్యాలీలకు తయారుచేసేవాణ్ణి. కాలవగట్టు మీద పరుగు, రైసుమిల్లు వెనక ఖాళీ స్థలంలో బీమ్. బీమ్ అంటే ఇనప కడ్డీ పట్టుకుని, గడ్డం దాని పైకి వచ్చేదాకా ఒంటిని లేపడం. తెల్లారి నాలుగున్నరకి ఈల వేసేవాణ్ణి. ఐదు నిమిషాలు ఆలస్యమైతే తిట్లు తప్పవు. నా నోరు మంచిది కాదని మండపేటలో అందరికీ తెలుసు.

వీరబాబు నా పాత శిష్యుడు. నా చేతిమీదుగానే సైన్యంలో చేరి మూడేళ్ళయింది. తండ్రి లేడు. తల్లి మంగాయమ్మగారు మిల్లులో ఉడకబెట్టిన ధాన్యం ఆరబోసే పనికి వెళ్ళేవారు. ఆ ఏప్రిల్లో వాడు రెండు నెలల సెలవు మీద వచ్చి, సంచి ఇంట్లో పడేసి, నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

“మాస్టారూ, కమాండోలకి పేరిచ్చానండి. జూన్‌లో ప్రొబేషనండి.”

ప్రొబేషన్ అంటే మూడు నెలల పరీక్ష. బరువు మోయిస్తారు, నిద్ర పోనివ్వరు, తిండి ముందు పెట్టి తీసేస్తారు. గమ్యం వచ్చేసిందనుకున్న చోట లారీ ఉండదు, ఇంకో పది కిలోమీటర్లు నడవమంటారు. అక్కడ కూలబడేది ముందు కాళ్ళు కాదు, మనసు. చివరికి మిగిలేది కొద్దిమందే. మిగతావాళ్ళు ఆర్టీయూ, అంటే రిటర్న్ టు యూనిట్. పెట్టె సర్దుకుని, వచ్చిన చోటికే తిరిగి వెళ్ళిపోవాలి.

“ఆర్టీయూ అవ్వకుండా చూడండి మాస్టారూ. మా పల్టన్లో అందరికీ చెప్పేశానండి. తిరిగెళ్తే మొహం ఎక్కడ పెట్టుకోనండి?”

“ఆ మాట నా దగ్గర ఎత్తకు. ఇంకోసారి ఎత్తావంటే తన్నుతాను” అని కసిరాను. వాడు బిక్కమొహం వేశాడు. నాకు అంత కోపం ఎందుకొచ్చిందో పాపం వాడికేం తెలుసు?

మర్నాటి నుంచే మొదలుపెట్టాం. పిట్టూ అంటే సైనికులు వీపుకి తగిలించుకునే సంచి. అందులో గోదావరి ఇసుక మూటలు కట్టి, మిల్లు కాటా మీద తూచి, పది కిలోలతో పరిగెత్తించాను. పరుగయ్యాక ఎండలో కూర్చోబెట్టి, గోనెపట్టా మీద పది వస్తువులు పరిచి నిమిషం చూపించి మూసేసేవాణ్ణి. ఇంకో గంట గుంజీలు తీయించి, అప్పుడు ఆ పదీ వరసగా చెప్పమనేవాణ్ణి. ఇంటికెళ్ళి పెరుగన్నం ముందు కూర్చున్నవాణ్ణి లేపి, మళ్ళీ రోడ్డెక్కించిన రోజులున్నాయి. “అన్నం తిననివ్వండి బాబూ, మీకు దణ్ణం పెడతాను” అని మంగాయమ్మగారు బతిమాలేవారు. నేను వినేవాణ్ణి కాదు.

అన్నిటికంటే ముఖ్యంగా ఒక జవాబు నేర్పాను. ఏ క్షణాన “ఎలా ఉంది?” అని అడిగినా, కడుపులో తిప్పుతున్నా, కాళ్ళు బొబ్బలెక్కినా, “ఫస్ట్ క్లాస్ మాస్టారూ!” అని అరవాలి. తటపటాయిస్తే ఇరవై పుషప్పులు. వాంతి చేసుకుంటూ కూడా వాడు ఆ మాట అన్నాడొకసారి. నేను భుజం తట్టాను. నొప్పి నోటిదాకా రాకపోతే మెదడు దాకా పోదని నాకో సిద్ధాంతం ఉండేది. ఎంత గొప్ప సిద్ధాంతమో!

ఏప్రిల్ మూడో వారంలో కాలవలు కట్టేశారు. ఏటా ఉండేదే. నీళ్ళాపి, పూడిక తీసి, ఆ ఒండ్రంతా గట్టు మీద పోస్తారు. పరిగెత్తడానికి గట్టంటూ మిగలలేదు. మట్టి ఎండి చదునయ్యేదాకా పరుగు తగ్గించి, చెరువులో ఈత కొట్టించి ఉండాల్సింది. నేను వాణ్ణి రామచంద్రపురం రోడ్డెక్కించాను. తారురోడ్డు, వీపున బరువు, కాళ్ళకి సైన్యంవాళ్ళ గట్టి అడుగు బూట్లు. “ఇదే మంచిదిరా. అక్కడ నీకు ఒండ్రుమట్టి పరుస్తారా? రాళ్ళే” అన్నాను.

మా ట్రైనింగులో మొదటి వారమే నేర్పే నియమం ఒకటుంది. బరువు పెంచిన వారం దూరం పెంచకూడదు, దూరం పెంచిన వారం బరువు ముట్టుకోకూడదు. కండ తొందరగా గట్టిపడుతుంది గానీ ఎముకకి టైము పడుతుంది. ఈ ముక్క నేను కొన్ని వందలమందికి చెప్పినవాణ్ణి. వీరబాబు విషయంలో మాత్రం రెండూ కలిపి పెంచాను. సెలవు అరవై రోజులే ఉంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మే నెలాఖరుకి ముప్ఫై కిలోలతో పాతిక కిలోమీటర్లు పోతున్నాడు. టీకొట్టు దగ్గర నలుగురూ ఆగి చూస్తుంటే నా ఛాతీ ఉబ్బేది.

వాడు బయల్దేరడానికి వారం ముందు మంగాయమ్మగారు మిల్లు నుంచి నేరుగా మా స్థలంలోకి వచ్చారు. చేతులకి ఊకదుమ్ము అలాగే ఉంది.

“మాస్టారూ, ఆడు గుమ్మం దిగేటప్పుడు గోడ పట్టుకుంటన్నాడండి. రాత్రిళ్ళు మోకాలి కింద తడుముకుంటన్నాడు. అడిగితే ఏం లేదంటాడు. ఓసారి డాక్టరుగారికి చూపించమంటారా?”

ఆ నొప్పి ఏమిటో మండపేట మొత్తానికి నాకొక్కడికే తెలుసు. మోకాలి కింద ముందువైపు ఎముకలో వెంట్రుకంత పగులు వస్తుంది. దాన్ని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. మొదట్లో ఎక్స్‌రేలో కూడా కనపడకపోవచ్చు. బొటనవేలితో నొక్కితే మాత్రం ఒక్కచోట ప్రాణం పోతుంది. ఆరువారాలు విశ్రాంతి ఇస్తే మామూలైపోతుంది. ఇవ్వకపోతే ఎముక విరుగుతుంది.

నేను వంగి ఆ ఎముక నొక్కి చూడలేదు. ఈల వేసి వాణ్ణి పిలిచి, పాతికమంది కుర్రాళ్ళ ఎదుట, వాళ్ళమ్మ ఎదుట గట్టిగా అడిగాను.

“ఎలా ఉందిరా?”

“ఫస్ట్ క్లాస్ మాస్టారూ!”

“విన్నారా అమ్మా?” అన్నాను ఆవిడ వైపు తిరిగి. “మీరు కొడుకుని పంపేది పెళ్ళికి కాదు. ఇలా భయపెట్టి పాడుచెయ్యకండి.”

“మీకు తెలీందేముందండి” అని ఆవిడ వెళ్ళిపోయారు.

జూన్‌లో వాడు వెళ్ళాడు. ఐదోవారం దాకా నిలబడ్డాడని తర్వాత తెలిసింది. అక్కడ ప్రతి మార్చ్‌కి ముందూ డాక్టరు వరసలో ఒక్కొక్కర్నీ ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడుగుతాడు. వీడు ప్రతిసారీ బాగున్నానన్నాడు. ఓ పొద్దున బరువుతో వాగు దాటి రాయి మీదికి దూకినప్పుడు ఎముక రెండుగా విరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. లోపల ఇనప రాడ్డు వేశారు. చీము పట్టింది. రాడ్డు తీసి మళ్ళీ వేశారు. ఏడాదిన్నర ఆసుపత్రుల్లోనే గడిచింది. కమాండో టోపీ సంగతి దేవుడెరుగు, మామూలు సిపాయిగా కూడా పనికిరాడని మెడికల్ బోర్డు ఇంటికి పంపేసింది. పాతికేళ్ళయినా నిండని వాడికి కుడికాలు అంగుళం పొట్టిదైంది.

వాడు ఊళ్ళో దిగిన రెండు నెలల దాకా నేను చూడటానికి వెళ్ళలేదు. పనులున్నాయని కాదు, మొహం చెల్లక. ఆ రెండు నెలలూ మిల్లు ముందు నుంచి కాకుండా వెనక సందులోంచి తిరిగాను. చివరికి ఓ ఉదయం బియ్యం కోసం మిల్లులోకి వెళ్ళక తప్పలేదు, అక్కడే ఎదురుపడ్డాడు. కాటా దగ్గర కుర్చీ వేసుకుని లారీలకెక్కే బస్తాల తూకం రాస్తున్నాడు. మేం ఇసుక మూటలు తూచింది ఆ కాటా మీదే.

“ఎలా ఉందిరా?” అని నోరు జారాను.

“ఫస్ట్ క్లాస్ మాస్టారూ.” అలవాటుగా అనేశాడు. అన్నాక వాడి మొహం మాడిపోయింది. నాకు అక్కడే చచ్చిపోతే బాగుండుననిపించింది.

పక్కన ఉన్న బస్తా మీద కూర్చుని, ఇరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి అప్పుడు చెప్పాను. ఇరవైనాలుగేళ్ళ వయసులో నేనూ కమాండోలకి పేరిచ్చినవాణ్ణే. నాకూ మూడోవారంలో అదే ఎముక, అదే చోట నొప్పి పుట్టింది. రెండు రోజులు ఓర్చుకుని, మూడోరోజు వరస బయటికి వచ్చి “సార్, కాలు నొప్పి” అన్నాను. డాక్టరు నొక్కి చూసి ఆర్టీయూ రాశాడు. నెలన్నరకి కాలు శుభ్రంగా బాగుపడింది. సిగ్గు మాత్రం పోలేదు. ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే నెగ్గేవాణ్ణి కదా అని ఉద్యోగం చేసినన్నాళ్ళూ కుమిలిపోయాను. ఊళ్ళోవాళ్ళు నేను కమాండోగా చేశాననుకుంటే కాదనలేదు. నేను చెయ్యలేనిది వీడి చేత చేయించాలనుకున్నాను.

వీరబాబు లారీ చిట్టీ పక్కన పెట్టి నావైపు తిరిగాడు.

“అయితే మీరు చెప్పేశారన్నమాట.”

“చెప్పాన్రా.”

“చెప్పబట్టే మీ కాలు మిగిలిందండి. మరి నన్నెందుకు చెప్పనివ్వలేదు మాస్టారూ?”

తిట్టినా బాగుండేది. వాడి గొంతు పెరగలేదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నట్టే అడిగాడు. అంతలో మంగాయమ్మగారు వచ్చి, నన్ను చూసి కొంగు సర్దుకుని, “టీ తాగుతారా మాస్టారూ?” అన్నారు. నేను తలెత్తలేక, ఆవిణ్ణి క్షమించమన్నాను. “మీరు అడిగారు, ఆడు చెప్పాడు. మీ తప్పేముందండి” అన్నారావిడ. ఆవిడ మంచితనంతో అన్నారో, కడుపుమంటతో అన్నారో నాకు తెలీలేదు. ఎలా అన్నా నాకు తగిలింది ఒకేచోట.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఈల ముట్టుకోలేదు. మళ్ళీ మొదలుపెట్టాక రెండు పద్ధతులు మార్చాను. ఆదివారం ప్రతి కుర్రాణ్ణీ బల్ల మీద కూర్చోబెట్టి మోకాలి నుంచి మడమ దాకా ఎముక నొక్కి చూస్తాను. వాడి నోటిని అడగను, మొహం చూస్తాను. మొహం చిట్లిందా, ఆ వారం పరుగు బంద్. రెండోది, కొత్త బ్యాచ్ వచ్చిన మొదటిరోజే “నేను ఆర్టీయూ అయినవాణ్ణి. నొప్పి చెప్పి వెనక్కొచ్చాను. నా జీవితంలో చేసిన తెలివైన పని అదే” అని చెప్తాను. కొందరు మొహాలు చూసుకుంటారు. మర్నాడు ఇద్దరు ముగ్గురు మానేస్తారు కూడా. కమాండో కాని మాస్టారు వాళ్ళకెందుకు?

ఒకసారి వీరబాబుని వచ్చి కుర్రాళ్ళకి నాలుగు మాటలు చెప్పమని అడిగాను. నా మాటకంటే వాడి కాలు చూస్తే నమ్ముతారని ఆశ. వాడు తూకం రాస్తూనే రానన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

“మీరే చెప్పండి మాస్టారూ. అంతసేపు నిలబడ్డానికి మీ కాళ్ళు బాగానే ఉన్నాయి కదండీ.”